జీతం లేని పదవి

నీళ్ల ఇంజనీరు: సెక్రటరీ పదవికి నామినేషన్ వేసినావంట. ఎందుకమ్మా నీకది? సభ్యత్వం ఉంచుకో, పత్రిక వస్తే చదువుకో, అక్కడితో ఆపు. ఇంజనీర్ల సంఘంలో పైకి పోవడమంటే ఏందో నాకు తెలుసు. అసోసియేట్ మెంబరు, మెంబరు, ఫెలో. ఇంకోపక్క కమిటీ సభ్యుడు, ట్రెజరర్, సెక్రటరీ, చైర్మన్, రాష్ట్ర కౌన్సిల్. ఈ మెట్లెక్కేసరికి సగం జీవితం ఆదివారాలు కరిగిపోతాయి. ఏటా సెప్టెంబర్ 15న విశ్వేశ్వరయ్య పటానికి దండ వేస్తాం, ఆయన 1861లో పుట్టినాడని మళ్లీ ఒకసారి చెప్పుకుంటాం, గ్రూప్ ఫోటో దిగి టిఫిన్ చేసి వస్తాం. పదవి దిగేనాటికి బీరువాలో శాలువాలు మిగులుతాయి.

కరెంటు ఇంజనీరు: శాలువాల సంగతి నేనూ చూశాను సార్. కానీ పండగ రోజు చూసి సంఘాన్ని తూచకూడదు. అయ్యలసోమయాజుల లలితగారి సంగతి మీకు తెలిసిందే. 1919లో మద్రాసులో తెలుగింట పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, ఒళ్లో నాలుగు నెలల బిడ్డ. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలోనే ప్రొఫెసర్. ప్రిన్సిపాల్ చాకోతో మాట్లాడి 1940లో కూతుర్ని ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. దేశంలో మొదటి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు ఆమే. ఇంతవరకూ అందరూ చెప్పేదే. నన్ను పట్టుకున్నది ఆ తర్వాతి భాగం. 1964లో న్యూయార్క్‌లో మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగింది. భారతదేశం తరఫున పోదామంటే ఇక్కడ మహిళా ఇంజనీర్లకు సంఘమే లేదు. ఆమె సొంత హోదాలో వెళ్లారు. మరుసటేడు లండన్‌లోని విమెన్స్ ఇంజనీరింగ్ సొసైటీలో పూర్తి సభ్యురాలయ్యారు. 1967లో కేంబ్రిడ్జిలో రెండో మహాసభ. దానికి భారత ప్రతినిధిగా పనిచెయ్యమంటే ఒప్పుకుని, పత్రికల ద్వారా ప్రచారం చేసి, మన ఆడ ఇంజనీర్లు ఐదుగురు అక్కడ కూర్చునేలా చేశారు. దానికి జీతం లేదు, ఆఫీసు లేదు. దీన్ని కూడా శాలువాల లెక్కలోనే వేస్తారా?

నీళ్ల ఇంజనీరు: వెయ్యను. అయితే ఆ కథలో సంవత్సరాలను వరసగా పెట్టి చూడు. 1943లో గిండీ చదువు ముగిసింది. సిమ్లాలో సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషన్‌లో కొంతకాలం, ఆపైన కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్. ట్రాన్స్‌మిషన్ లైన్లు, సబ్‌స్టేషన్ లేఅవుట్లు, ప్రొటెక్టివ్ గేర్ ఆమె పని. భాక్రా నంగల్ విద్యుత్ పనుల్లో ఆమె చెయ్యి ఉంది. లండన్ ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో అసోసియేట్ మెంబరుగా తీసుకుంది, 1966లో ఫుల్ మెంబరును చేసింది. న్యూయార్క్ విమానం ఎక్కేనాటికి ఇరవై ఏళ్ల పని ఆమె వెనకాల ఉంది. ముందు పని పేరు తెచ్చింది, ఆ పేరు తర్వాత సంఘానికి అక్కరకొచ్చింది. ఇప్పుడు వరస తిరగబడింది. పదవి ఉంటే పేరొస్తుందని, పేరుంటే పని చెయ్యకపోయినా నడుస్తుందని తిరిగేవాళ్లను నేను కొల్లలుగా చూసినా.

కరెంటు ఇంజనీరు: ఉన్నారు, కాదనను. కానీ సీనియారిటీ వచ్చేదాకా ఆగమనడం వల్లే మన సంఘాలు ఇట్లా తయారయ్యాయి. పులివెందుల జేఎన్‌టీయూ కాలేజీలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, ప్రొద్దుటూరు యోగివేమన ఇంజనీరింగ్ కాలేజీలో పిల్లలు స్టూడెంట్ చాప్టర్లలో చేరతారు, సర్టిఫికెట్ కోసం. డిగ్రీ చేతికి రాగానే మాయమవుతారు. మళ్లీ సంఘం గుమ్మం తొక్కేది రిటైరయ్యాక. సభకు పోతే ముందు వరసలో తలలు నెరిసినవాళ్లు, వెనక వరసలో యూనిఫాం పిల్లలు. ఇవాళ సైటు మీద నిలబడి పనిచేస్తున్న వయసువాళ్లు ఒక్కరూ ఉండరు. వృత్తి గురించి మాట్లాడాల్సిన సభలో వృత్తిలో ఉన్నవాళ్లే లేరు సార్.

నీళ్ల ఇంజనీరు: ఎందుకు లేరో కూడా చెప్పు. షిఫ్టులు, ట్రాన్స్‌ఫర్లు, పిల్లల బడి, ముసలి తల్లిదండ్రులు. ఆ వయసులో మనిషికి ఆదివారమనేది అసలు ఉంటే కదా. ఇంకొక మాట, కోపం తెచ్చుకోవద్దు. నిన్నే ఎందుకు అడిగినారో ఆలోచించినావా? సెక్రటరీ అంటే మినిట్స్ రాయాల, హాలు మాట్లాడాల, చీఫ్ గెస్టుకు కారు పంపాల, రిజిస్ట్రేషన్ బల్ల కాడ నిలబడి పేర్లు రాసుకోవాల, బొకేలు తెప్పించాల. వేదిక మీద కుర్చీ మాత్రం ఎస్ఈకో, సీఈకో, కాలేజీ యజమానికో. ఆడమనిషిని సెక్రటరీని చేస్తే వాళ్లకు రెండు లాభాలు: పని జరుగుతుంది, మహిళలకు స్థానం ఇచ్చినామని రిపోర్టులో రాసుకోవచ్చు. లలితమ్మ విషయంలోనూ చూడు. కలకత్తాలో ఉద్యోగానికి ఒప్పుకున్నదే అక్కడ అన్న ఇల్లు ఉందని, బిడ్డను వదినె చూసుకుంటుందని. వదినె చేసిన ఆ కొలువు ఏ సంఘం రికార్డులోనైనా ఉందా? జీతం లేని పదవి వెనకాల జీతం లేని ఇంకొకరు ఉంటారమ్మా ఎప్పుడూ.

కరెంటు ఇంజనీరు: దీనికి నా దగ్గర జవాబు లేదు సార్. మా అత్తమ్మ కూడా మొదట అడిగింది అదే, "జీతమెంతమ్మీ?" అని. ఏమీ లేదంటే కాసేపు నా మొహంలోకి చూసి, "మరి బిడ్డనెవరు పట్టుకోవాల?" అంది. బొకేల పని నేను చెయ్యనని ముందే చెప్పాను. ఆ మాట ఎంతవరకు నిలబడుతుందో నాకూ అనుమానమే. కానీ ఒకటి అడుగుతా, మీరు డిప్లొమాతో డిపార్ట్‌మెంటులో చేరారు కదా? ఈఈగా రిటైరయ్యారు. మధ్యలో ఏం జరిగింది?

నీళ్ల ఇంజనీరు: ఏఎంఐఈ జరిగింది. నువ్వు యాడికి లాగుతున్నావో తెలుస్తానే ఉంది.

కరెంటు ఇంజనీరు: అక్కడికే. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ 1920లో మద్రాసులో రిజిస్టరైంది, 1935లో రాయల్ చార్టర్ వచ్చింది. కాలేజీకి పోయే స్తోమత లేని డ్రాఫ్ట్స్‌మెన్, సూపర్‌వైజర్లు, మిలిటరీవాళ్లు దాని ఏఎంఐఈ సెక్షన్ ఏ, సెక్షన్ బీ పరీక్షలు రాసి డిగ్రీకి సమానమైన అర్హత తెచ్చుకున్నారు. ఆ సంస్థను నడిపింది కమిటీల్లో జీతం లేకుండా కూర్చున్న ఇంజనీర్లే. వాళ్లంతా శాలువాల కోసమే వచ్చి ఉంటే మీ సర్వీస్ రిజిస్టర్‌లో ఈఈ అన్న మాట పడేదా?

నీళ్ల ఇంజనీరు: పడేది కాదు. ఆ రుణం నా మీద ఉంది, లేదనను. జమ్మలమడుగులో కిరోసిన్ దీపం ముందర స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ చదివినోణ్ని నేను. చెప్పేవాడు లేక తికమకపడతాంటే డిపార్ట్‌మెంటులో ఒక పెద్దాయన సాయంత్రాలు కూర్చోబెట్టి లెక్కలు చెప్పినాడు, పైసా తీసుకోలేదు. సంఘమంటే నా మనసులో ఇప్పటికీ ఆయనే. కానీ తర్వాత ఏమైందో కూడా చెప్పుకోవాల కదా. 2013 మే 31 దాకా నమోదైనవాళ్లకే డిగ్రీతో సమానమన్న గుర్తింపు అన్నారు. ఆ తలుపు మూసుకుంది. డిప్లొమా పిల్లోడికి ఇప్పుడు సంఘంతో ఏం పని? అప్పట్లో సంఘం చేతిలో ఒక నిచ్చెన ఉండేది, కాబట్టి దాని పదవికి బరువుండేది. నిచ్చెన పోయినాక మిగిలింది కుర్చీ.

కరెంటు ఇంజనీరు: అంటే కొత్త పని వెతుక్కోవాలని కదా దాని అర్థం? మూసేసుకోమని కాదే.

నీళ్ల ఇంజనీరు: ఏం పని చేస్తావు చెప్పు, అధికారం లేకుండా? వకీళ్లకు 1961 నాటి అడ్వకేట్ల చట్టం ఉంది. భవనాల నమూనా గీసేవాళ్లకు 1972 నాటి ఆర్కిటెక్టుల చట్టం ఉంది. తప్పు చేస్తే పేరు కొట్టేయడానికి వాళ్లకు కౌన్సిళ్లున్నాయి. డ్యాం కట్టే ఇంజనీరుకు అట్లాంటి చట్టం ఈ దేశంలో లేదు. మన సంఘం ఒకరికి ఫెలో అని రాసి ఇవ్వగలదు. ఒక చెడ్డ డిజైన్ మీద సంతకం పెట్టినోణ్ని అడ్డుకోలేదు. 2021 నవంబర్ 19 గుర్తుంది కదా? చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగింది. రాజంపేట పక్కన మందపల్లె, పులపుత్తూరు, తొగురుపేట ఊడ్చుకుపోయినాయి. అప్పటికి అది మన కడప జిల్లాలోదే. ఐదు గేట్లలో ఒకటి పనిచెయ్యలేదని రాజ్యసభలో కేంద్ర మంత్రే చెప్పినాడు. ఆ గేటు గురించి వరదకు ముందు ఏ ఇంజనీర్ల సభలోనన్నా ఎవరన్నా నోరెత్తి ఉంటారంటావా?

కరెంటు ఇంజనీరు: ఎత్తి ఉండరనే నేనూ అనుకుంటాను. అందుకేగా...

నీళ్ల ఇంజనీరు: ఉండమ్మా, పూర్తి చెయ్యనీ. ఎత్తలేరు. ప్రభుత్వ ఇంజనీరుకు 1964 నాటి ప్రవర్తనా నియమాలుంటాయి. సర్కారు విధానాన్ని బయట విమర్శించకూడదు. మీ ప్రైవేటోళ్లకు కంపెనీ ఒప్పందాలుంటాయి, లోపలి సంగతి బయట చెప్పకూడదని. కాలేజీ ప్రొఫెసర్లకు యాజమాన్యం ఉంటుంది. నోళ్లకు తాళాలు పడినవాళ్లమంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నాం, దానికి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటున్నాం. రిటైరైనాక నోరు తెరిస్తే "సార్‌కు ఇప్పుడు గుర్తొచ్చింది" అంటారు. నా మీద కూడా ఆ మాట పడింది, అందులో న్యాయముంది.

కరెంటు ఇంజనీరు: మీరు ఇవాళ చెప్పినవాటిలో ఇదే బలమైనది. తేలిగ్గా తీసెయ్యను. కానీ విమర్శకూ సాంకేతిక అభిప్రాయానికీ మధ్య కొంచెం జాగా ఉంది సార్, నేను నిలబడాలనుకునేది అక్కడ. మా సౌర ఫలకాల సంగతే తీసుకోండి. వాటికి ఐఈసీ 61215 అని అంతర్జాతీయ ప్రమాణముంది, దాన్నే మన ప్రమాణాల సంస్థ బీఐఎస్, ఐఎస్ 14286 పేరుతో తీసుకుంది. అందులో 25 మిల్లీమీటర్ల మంచుగుండ్లతో కొట్టే వడగళ్ల పరీక్ష ఉంది. మైనస్ 40 డిగ్రీల నుంచి 85 దాకా చల్లబరిచి వేడిచేసే పరీక్ష ఉంది. మైనస్ 40 మైలవరంలో ఎవరు చూశారు? మనకు తెలిసిన బాధ దుమ్ము. పొన్నంపల్లి, తలమంచిపట్నం వైపు ఎండాకాలం గాలి లేచిందంటే ఫలకం మీద పొర కడుతుంది. ఎంత దుమ్ము పేరుకుంటే ఎంత కరెంటు తగ్గుతుందన్నది ఆ పరీక్షల జాబితాలో లేదు. బహుశా ఆ ప్రమాణం రాసిన బల్ల చుట్టూ కూర్చున్నవాళ్ల ఊళ్లలో ముందు కనపడింది మంచేమో. ప్రమాణాలు రాసేవి స్వచ్ఛంద కమిటీలే. ముసాయిదా వచ్చినప్పుడు అభిప్రాయం రాస్తే అది సర్కారును తిట్టినట్టు కాదు, కంపెనీ రహస్యం బయటపెట్టినట్టూ కాదు.

నీళ్ల ఇంజనీరు: బాగుంది. ఆ కమిటీకి నిన్ను ఢిల్లీకి ఎవరు పంపుతారు? ఫలకాలు తయారుచేసే కంపెనీ తన మనిషిని జీతమిచ్చి, విమానం టికెట్టిచ్చి, హోటల్లో పెట్టి పంపుతుంది. అతనికది డ్యూటీ. నువ్వు సెలవు పెట్టుకుని, సొంత డబ్బుతో ఎర్రగుంట్లలో రైలెక్కి పోవాల. ఇద్దరినీ వాలంటీర్లే అంటారు రిజిస్టర్‌లో. ఎవరి మాట నెగ్గుతుందో నేను చెప్పాల్నా? స్వచ్ఛంద సేవ అనే మాటను నేను నమ్మనిది ఇందుకే. ఖర్చు భరించగలిగినోడి స్వార్థం కూడా ఆ పేరుతోనే లోపలికొస్తుంది.

కరెంటు ఇంజనీరు: కమిటీ కుర్చీ విషయంలో మీరన్నది నిజమే. అయితే ముసాయిదా మీద అభిప్రాయం పంపడానికి కుర్చీ అక్కర్లేదు, ఎవరైనా పంపొచ్చు. ఒక్క మనిషి పంపితే కాగితం. పది ప్లాంట్ల ఇంజనీర్లు కూర్చుని, ఒకే తీరున కొలిచిన లెక్కలతో పంపితే పక్కన పెట్టడం కష్టం. ఆ పదిమందిని ఒకచోట కూర్చోబెట్టడం ఏ కంపెనీ చెయ్యదు, పోటీ కంపెనీలు కదా. 2017 ఏప్రిల్లో మా కడప సోలార్ పార్కు 250 మెగావాట్ల వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలకు దిగింది. అప్పటికి దేశంలో అదే తక్కువ. మరుసటి నెలలోనే రాజస్థాన్‌లో దానికంటే కిందికి పోయింది. అంత తక్కువ ధరకు ఒప్పుకున్నాక ఫలకాలు కడిగే ఖర్చులో కూడా పైసా పైసా లెక్కపెడతారు. కడగడం మానితే కరెంటు తగ్గుతుంది, కడిగితే నీళ్లు కావాలి. ఈ మండలంలో నీళ్ల సంగతి మీకు చెప్పాలా?

నీళ్ల ఇంజనీరు: చెప్పొద్దు. పైన గండికోటలో 26.85 టీఎంసీలు, కింద మన మైలవరంలో దాదాపు పది. చూడ్డానికి సముద్రం మాదిరి ఉంటుంది, ఎండాకాలం వచ్చేసరికి తాగేనీళ్లోళ్లు, ఆయకట్టోళ్లు, ఫ్యాక్టరీలోళ్లు ముగ్గురూ గేటు కాడికొస్తారు. ఇప్పుడు నాలుగోవాళ్లు మీరు.

కరెంటు ఇంజనీరు: ఆ మాటే నేననేది. నీళ్లు లేకుండా బ్రష్షులతో తుడిచే యంత్రాలు వచ్చాయి. అవి గాజు మీది పూతను గీకేస్తాయని కొందరంటారు, గీకవని అమ్మేవాళ్లంటారు. మన దుమ్ముతో, మన గాలితో ఎవరన్నా కొలిచి చెప్పాలి. రిజర్వాయరు మనిషీ సోలారు మనిషీ ఒక బల్ల ముందు కూర్చుని ఈ లెక్క వేసుకున్నది ఎప్పుడు?

నీళ్ల ఇంజనీరు: తాసిల్దారు ఆఫీసులో కూర్చున్నాం ఒకసారి. అది లెక్కకు కాదులే, తగాదాకు.

కరెంటు ఇంజనీరు: తగాదా రాకముందు కూర్చునే చోటు ఒకటుండాలంటున్నాను.

నీళ్ల ఇంజనీరు: ఆశ మంచిదే. నా భయం వేరే. నువ్వు దిగిపోయినాక ఏమవుతుంది? లలితమ్మ విషయానికే వద్దాం. ఐదుగురిని కేంబ్రిడ్జి పంపింది. ఆ తర్వాత ఆమె పేరుతో నిలబడిన సంఘం చూపించు. చాన్నాళ్లు తెలుగువాళ్లకే ఆమె పేరు తెలియదు. మహిళా దినోత్సవం నాడు ఫోటో చుట్టూ పూలు పెట్టడం ఈ మధ్య మొదలైంది. మనిషి మీద నిలబడిన పని మనిషితోనే పోతుంది. అదే ఆ సమయం సబ్‌స్టేషన్ మీద పెట్టి ఉంటే, అది ఇంకా నడుస్తా ఉండేది.

కరెంటు ఇంజనీరు: ఆమె 1979 అక్టోబర్‌లో పోయారు. ఆ మహాసభల వరసలో ఆరోది 1981లో బొంబాయిలో జరిగింది. పదిహేడోది 2017లో ఢిల్లీలో జరిగింది.

నీళ్ల ఇంజనీరు: అది ఆమె వల్లే జరిగిందని చెప్పగలవా?

కరెంటు ఇంజనీరు: చెప్పలేను. అట్లా చెబితే అబద్ధమవుతుంది. 1964లో దేశం తరఫున ఎవరూ లేని చోటికి ఒకామె పోయింది, పదిహేడేళ్లకు ఆ సభే ఇక్కడికి వచ్చింది. మధ్యలో ఎంతమంది చేతులు పడ్డాయో, వాళ్ల పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. సబ్‌స్టేషన్‌కు నేమ్‌ప్లేట్ ఉంటుంది సార్, ఈ పనికి ఉండదు. నేమ్‌ప్లేట్ లేనంత మాత్రాన పని జరగలేదనుకోవడం ఇంజనీరు మాట కాదు.

నీళ్ల ఇంజనీరు: కొలవలేనిది జరిగిందనుకోవడం కూడా ఇంజనీరు మాట కాదమ్మా.

కరెంటు ఇంజనీరు: సరే, కొలవగలిగేదే పెట్టుకుందాం. రెండేళ్లే ఉంటా, మూడో ఏడు అడిగినా ఉండను. సభలు స్టార్ హోటల్లో కాదు, డ్యాం గెస్ట్‌హౌస్ దగ్గరో, ప్లాంట్ కంట్రోల్ రూములోనో. శాలువా బడ్జెట్ సున్నా. పిల్లల్ని తీసుకురావచ్చు, చూసుకునే మనిషికి సంఘమే కూలి ఇస్తుంది. దిగేలోపు ఫలకాల మీద దుమ్ము, కడిగే నీళ్లు, తగ్గే యూనిట్లు, ఈ మూడింటి లెక్క ఒక కాగితం మీద బీఐఎస్‌కు పోవాలి. పోకపోతే మీరన్నదే రైటు. నీళ్ల పక్క పేపరు మీరు రాయాలి. రిజర్వాయరు ఆవిరి నష్టాలు, ఎండాకాలం కోటా, అన్నీ మీ నోటుబుక్కుల్లో ఉన్నాయి.

నీళ్ల ఇంజనీరు: ఆయా కూలి సంఘం లెక్కల్లో రాస్తే ఆడిటర్ అడ్డం తగులుతాడు చూడు. అది దాటినావంటే సగం గెలిచినట్టే. పేపరు రాస్తా. నీళ్ల లెక్క తప్పు చెబితే నాకు నిద్రపట్టదు, దానికోసం రాస్తా. సంఘం కోసం కాదు. ఓటు మాత్రం నీకు వెయ్యను. నీలాంటి మనిషి కాలం ఆ కుర్చీలో అరిగిపోవడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు.

కరెంటు ఇంజనీరు: ఓటు అవసరం పడదు సార్. నామినేషన్ల గడువు నిన్న సాయంత్రంతో అయిపోయింది. నాది తప్ప ఇంకొకటి రాలేదు.